అల్యూమినియం లేజర్ వెల్డింగ్‌లో పోరోసిటీ (వెల్డులో రంధ్రాలు): గ్యాస్ పెంచే ముందు ముక్క కోసి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక యూనిట్‌లో పని చేస్తున్నారు. రోబో మీద 3 కిలోవాట్ల ఫైబర్ లేజర్. ఒక లైన్‌లో బ్యాటరీ బాక్సులకు 3 మి.మీ. 5052 అల్యూమినియం, ఇంకో లైన్‌లో 2 మి.మీ. 304 స్టెయిన్‌లెస్. వెల్డును గాలి నుంచి కాపాడే షీల్డింగ్ గ్యాస్ రెండింటికీ ఆర్గానే, ఫ్లో 25 ఎల్‌పీఎం (నిమిషానికి లీటర్లు), 6 మి.మీ. నాజిల్. వేసవిలో సరిగ్గానే నడిచిన అల్యూమినియం బాక్సులు అక్టోబరు వానలు మొదలయ్యాక లీక్ టెస్ట్‌లో పోతున్నాయి. స్టెయిన్‌లెస్‌లో మాత్రం ఎక్స్‌రేలో పిన్‌హోల్స్ ఏడాది పొడుగునా ఉన్నాయి. ఓనర్ గారు ఫ్లో 35కి పెంచమంటున్నారు. గ్యాస్ సప్లయర్ హీలియం తీసుకోమంటున్నాడు. కటింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ తన నైట్రోజన్ లైన్ నుంచి ఒక పైపు లాక్కోమంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఈ వారం గ్యాస్ మార్చకండి, ఫ్లో పెంచకండి. పాడైన బాక్సు ఒకటి తీసుకుని వెల్డు కోయండి. రంధ్రం ఆకారం, అది ఉన్న చోటు చూడకుండా గ్యాస్ గురించి మాట్లాడుకోవడం వల్ల ఉపయోగం లేదు. గ్యాస్ వల్ల వచ్చే పోరోసిటీ ఒకటి, గ్యాస్‌తో సంబంధం లేకుండా వచ్చేది ఒకటి ఉంటాయి. మొదటిది గ్యాస్ సరిచేస్తే పోతుంది. రెండోదానికి సిలిండర్లు మార్చి డబ్బు తగలేయడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కోయడం కూడా రెండు రకాలుగా కోయండి. ఒకటి వెల్డుకు అడ్డంగా. రెండోది వెల్డు మధ్యగీత వెంట నిలువుగా. చాలామంది అడ్డంగానే కోసి, ఆ ఒక్క చోట రంధ్రం కనబడకపోతే బాగుందనుకుంటారు. నిలువు కోతలో అయితే రెండు మూడు అంగుళాల వెల్డు మొత్తం ఒకేసారి కనబడుతుంది. 240, 400, 800, 1200 నంబరు ఎమెరీ పేపర్ల మీద నీళ్ళతో వరసగా రుద్దండి. మెత్తటి అల్యూమినియంలో రుద్దుడు పొడి రంధ్రాల్లో కూరుకుపోయి అవి మూసుకుపోతాయి కాబట్టి చివర్లో బ్రష్‌తో కడగాలి. పది రెట్లు పెద్దది చేసి చూపించే లూప్ ఒకటి చాలు.

రంధ్రాలు చిన్నవిగా, గుండ్రంగా, ఆవాల్లా వెల్డు అంతటా చల్లినట్టు ఉండి, కరిగిన లోహం కరగని లోహాన్ని కలిసే గీత దగ్గర ఎక్కువగా గుంపు కట్టి ఉంటే అది హైడ్రోజన్. రంధ్రాలు పెద్దవిగా, వంకరగా, వెల్డు అడుగున వరసగా ఉంటే అది కీహోల్, అంటే లేజర్ లోహంలో చేసే సన్నటి గొయ్యి, కూలడం వల్ల వచ్చింది. ల్యాప్ జాయింట్ (ఒక షీటు మీద ఇంకో షీటు పెట్టి వేసే వెల్డు) అయితే మూడో రకం కూడా చూస్తారు: రెండు షీట్ల మధ్య గీత దగ్గర మొదలై పైకి పొడుగ్గా పోయిన రంధ్రాలు. అవి షీట్ల మధ్య చిక్కుకున్న నూనె, తేమ, గాలి బయటికి దారి వెతుక్కున్న గుర్తులు. వాటికి మందు శుభ్రం చేయడమే.

మీ వివరాలను బట్టి చూస్తే అల్యూమినియంలో హైడ్రోజన్, స్టెయిన్‌లెస్‌లో కీహోల్ అనిపిస్తోంది. కోసి చూశాక అదే తేలితే కింద రాసినవన్నీ మీకు పనికొస్తాయి.

కీహోల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షీల్డింగ్ గ్యాస్ రంధ్రంలోకి ఎలా చేరుతుందో అక్కడే తెలుస్తుంది. లేజర్ బీమ్ పడిన చోట లోహం కరగడమే కాదు, మరుగుతుంది. ఆ ఆవిరి వెనక్కి తన్నే ఒత్తిడితో కరిగిన లోహం పక్కలకు జరిగి, లోతుగా సన్నటి గొయ్యి ఏర్పడుతుంది. అదే కీహోల్. దాన్ని తెరిచి ఉంచేది ఆవిరి ఒత్తిడి, మూయడానికి చూసేది తలతన్యత, చుట్టూ ఉన్న ద్రవం కదలిక. ఈ రెండూ ప్రతి క్షణం పోట్లాడుకుంటూనే ఉంటాయి. ముందు గోడ మీద ఏదైనా మెట్టులాంటిది ఏర్పడితే బీమ్ దాని మీద పడి అక్కడి నుంచి ఆవిరి ఒక్కసారిగా చిమ్ముతుంది, వెనక గోడ కదిలిపోతుంది, గొయ్యి మధ్యలో ముడుచుకుంటుంది. అడుగున మిగిలిన ముక్క బుడగ అవుతుంది. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయంలో కతయామా, మత్సునావా బృందం వెల్డింగ్ జరుగుతుండగానే ఎక్స్‌రే వీడియో తీసి, కీహోల్ కొస నుంచి ఈ బుడగలు ఊడి వెనక్కి కొట్టుకుపోవడం కళ్ళకు కట్టినట్టు చూపించింది.

ఆ బుడగలో ఏముంటుందన్నదే మనకు కావలసిన విషయం. మొదట లోహపు ఆవిరి ఉంటుంది. అది చల్లబడగానే మళ్ళీ లోహం అయిపోతుంది. అదొక్కటే ఉంటే బుడగ దానంతట అదే మూసుకుపోయేది. కానీ కీహోల్ ఊగిసలాడుతూ పై నుంచి షీల్డింగ్ గ్యాస్‌ను కూడా లోపలికి పీల్చుకుంటుంది. ఆర్గాన్ ఏ లోహంలోనూ కరగదు. అందుకే లోపలికి వెళ్ళిన ఆర్గాన్ బుడగలోనే ఉండిపోతుంది. లోహం గడ్డకట్టేలోపు అది పైకి తేలి బయటపడాలి, లేకపోతే రంధ్రంగా మిగిలిపోతుంది. లేజర్ వెల్డులో లోహం అర సెకనులోపే గడ్డకట్టేస్తుంది కాబట్టి చాలా బుడగలకు ఆ అవకాశం ఉండదు.

304కి నైట్రోజన్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. క్రోమియం ఉన్న కరిగిన స్టెయిన్‌లెస్ నైట్రోజన్‌ను బాగా కరిగించుకుంటుంది. మామూలు కరిగిన ఇనుము 1600 డిగ్రీల దగ్గర దాదాపు 0.045 శాతమే పట్టుకుంటే, 18 శాతం క్రోమియం ఉన్నది అంతకు ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. పైగా గడ్డకట్టాక ఏర్పడే ఆస్టెనైట్ అనే స్ఫటిక రూపం కూడా దాన్ని వదిలిపెట్టదు. బుడగలో ఆర్గాన్‌కు బదులు నైట్రోజన్ ఉంటే ఆ గ్యాస్ చుట్టూ ఉన్న ద్రవంలోకి పోతుంది, బుడగ కుంచించుకుపోతుంది. కీహోల్ కూలడం ఆగదు, కూలిన ఆనవాలు మాత్రం మిగలదు. 304లో నైట్రోజన్ షీల్డింగ్ వాడితే రంధ్రాలు దాదాపు కనబడకుండా పోవడాన్ని ఆ ఒసాకా పరిశోధనలోనే చూపించారు. షాపుల్లో నేనూ అదే చూశాను.

కాబట్టి మీ కటింగ్ సూపర్‌వైజర్ మాట స్టెయిన్‌లెస్ లైన్‌కు సరైన మాట. అయితే మూడు జాగ్రత్తలు. కటింగ్ నైట్రోజన్ పది పదిహేను బార్ల మీద వస్తుంది. సరైన రెగ్యులేటర్, ఫ్లోమీటర్ పెట్టకుండా దాన్ని వెల్డింగ్ హెడ్‌కు కలపొద్దు. అది జనరేటర్ నుంచి వచ్చే నైట్రోజన్ అయితే స్వచ్ఛత కనుక్కోండి. కటింగ్‌కు చాలినంత స్వచ్ఛత వెల్డు రంగుకు చాలకపోవచ్చు, మిగిలిపోయిన ఆక్సిజన్ బీడ్‌ను, అంటే వెల్డు గీతను, నీలంగా చేస్తుంది. మూడోది, నైట్రోజన్ వల్ల 304 వెల్డులో డెల్టా ఫెర్రైట్ అనే ఇంకో స్ఫటిక రూపం తగ్గుతుంది, దానితో వేడి పగుళ్ళ ప్రమాదం కొంచెం పెరుగుతుంది. గంధకం, భాస్వరం ఎక్కువున్న చవక షీటు వచ్చినప్పుడు ఇది బయటపడుతుంది. మార్చిన మొదటి రోజే బెండ్ టెస్ట్ చేసి, వెల్డు ముగిసే గుంట (క్రేటర్) దగ్గర పగుళ్ళు చూపించే రంగు ద్రవం (డై) వేసి చూడండి.

ఇదే మాట పట్టుకుని ఎక్కడపడితే అక్కడ నైట్రోజన్ వాడొద్దు. మైల్డ్ స్టీల్ వేడిగా ఉన్నప్పుడు నైట్రోజన్ తాగి, గడ్డకట్టేటప్పుడు కక్కేస్తుంది. పోరోసిటీ తగ్గకపోగా పెరుగుతుంది. 430, 409 లాంటి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్‌కూ వద్దు. 321లో టైటానియం ఉంటుంది, అది నైట్రోజన్‌ను పట్టుకుని నైట్రైడ్ అయిపోతుంది. టైటానియానికి అయితే అసలు ఆలోచించనే వద్దు, వెల్డు పెళుసెక్కిపోతుంది. అల్యూమినియంలో నైట్రోజన్ కరగదు. వేడికి అల్యూమినియం నైట్రైడ్ ఏర్పడి బీడ్ గరుకుగా, పెళుసుగా తయారవుతుంది. మీ బ్యాటరీ బాక్సుకు ఆర్గానే సరి.

ఇక హీలియం. ఈ సలహాకు పాత చరిత్ర ఉంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ల కాలంలో బీమ్ తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. వెల్డు మీద లేచే అయనీకరించిన ఆవిరి, గ్యాస్ ఆ బీమ్‌ను మింగేసేవి. ఈ మింగడం తరంగదైర్ఘ్యం వర్గంతో పెరుగుతుంది. ఆర్గాన్ అయనీకరణకు 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, హీలియంకు 24.6 కావాలి. అందుకే ఎక్కువ పవర్‌లో హీలియం తప్పనిసరి అయింది. మీ ఫైబర్ లేజర్ తరంగదైర్ఘ్యం 1.07 మైక్రాన్లు, అంటే దాదాపు పదో వంతు. వర్గం లెక్కలో ఆ సమస్య దాదాపు నూరో వంతుకు పడిపోయింది. ఫైబర్ లేజర్‌లో ఇబ్బంది పెట్టేది ప్లాస్మా కంటే ఆవిరిలోని సన్నటి రేణువులు. అవి బీమ్‌ను చెదరగొడతాయి. దానికి పక్క నుంచి కొట్టే మంచి గ్యాస్ జెట్ (సైడ్ జెట్) చాలు.

హీలియంతో ప్రయోజనమే లేదని అనడం లేదు. వేడిని ఆర్గాన్ కంటే ఎనిమిది తొమ్మిది రెట్లు బాగా తీసుకెళ్తుంది, కొన్ని అల్యూమినియం జాబుల్లో వెల్డు స్థిమితంగా నడుస్తుంది. కానీ మన దేశం హీలియం దిగుమతి చేసుకోవాల్సిందే, ధర ఆ లెక్కలోనే ఉంటుంది. మీ పైపులో తేమ ఉంటే హీలియం కూడా ఆ తేమనే మోసుకొస్తుంది. ఎప్పుడైనా వాడి చూడదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆర్గాన్‌కు గీతలు పెట్టిన రోటామీటర్ అనే ఫ్లోమీటర్‌లో హీలియం పంపితే అసలు ఫ్లో మీటరు చూపించేదానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. సాంద్రత పదో వంతు, దాని వర్గమూలం 3.16. సిలిండర్ ఒక్క పూటలో ఎందుకు ఖాళీ అయిందో తెలియక తల పట్టుకునేవాళ్ళను చూస్తుంటాను. కారణం ఇదే.

ఇప్పుడు అల్యూమినియం, మీ అసలు టెన్షన్. కరిగిన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర 100 గ్రాములకు దాదాపు 0.7 మిల్లీలీటర్ల హైడ్రోజన్ పట్టుకుంటుంది. గడ్డకట్టగానే అదే లోహం 0.04 మిల్లీలీటర్ కూడా పట్టుకోలేదు. దాదాపు ఇరవై రెట్ల తేడా. మిగిలిన హైడ్రోజన్ అంతా ఆ కాస్త సమయంలో ఎక్కడికో పోవాలి. పోలేక బుడగ కడుతుంది. హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది? నీటి నుంచి, నూనె నుంచి. వేడి అల్యూమినియం నీటి ఆవిరిని తాకగానే ఆక్సిజన్‌ను తాను లాక్కుని హైడ్రోజన్‌ను ద్రవంలోకి వదిలేస్తుంది. మీ షాపులో నీరు వెల్డును చేరే దారులు రెండు: షీటు మీద నుంచి, గ్యాస్‌తో పాటు.

షీటుతో మొదలుపెడదాం. చెన్నై గాలిలో నీటికి ఏ కాలంలోనూ కొదవ లేదు. మే నెలలో కూడా సముద్రపు గాలి తిరిగాక డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 25 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మరి వానల్లోనే ఎందుకు పోతోంది? షీటు ఉష్ణోగ్రత వల్ల. మేలో షెడ్డులోని షీటు 36 డిగ్రీల మీద ఉంటుంది, డ్యూ పాయింట్‌కు పది డిగ్రీల పైన. అక్టోబరు, నవంబరుల్లో తెల్లవారుజామున అదే షీటు 25కి దిగుతుంది, గాలి డ్యూ పాయింట్ 24. ఆ కాస్త తేడాలో షీటు మీద కంటికి కనబడని తేమ పొర దట్టమవుతుంది, ఆక్సైడ్ పొర దాన్ని పీల్చుకుని పట్టుకుంటుంది. అందుకే మొదటి షిఫ్టులో రిజెక్షన్ ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. మీ రిజిస్టరులో గంటలవారీగా చూడండి, ఇదే వరస కనబడితే సగం జవాబు దొరికినట్టే.

పక్క ఎస్టేట్‌లో ఒక యూనిట్‌లో ఇంతకంటే గట్టి ఉదాహరణ చూశాను. కొలతలు చూడటానికి భాగాలను ఏసీ గదికి తీసుకెళ్ళి, చూసిన వెంటనే షెడ్డులోకి తెచ్చి వెల్డు చేస్తున్నారు. ఏసీ 22 మీద ఉంది. 22 డిగ్రీల అల్యూమినియం 25 డ్యూ పాయింట్ ఉన్న గాలిలోకి వస్తే దాని మీద నీళ్ళు చేరక తప్పదు. అద్దంలా మెరిసే షీటు కాదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. వేలితో రాసి చూస్తే జాడ తెలిసింది. భాగాలను షెడ్డులోనే కాసేపు ఉంచి, వెల్డుకు ముందు అంచు మీద వేడిగాలి పెట్టి 50 డిగ్రీలకు తెచ్చాక రిజెక్షన్ పడిపోయింది. గ్యాస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మీ చిల్లర్‌ను కూడా ఈ దృష్టితో చూడండి. నీటిని 22 డిగ్రీలకు సెట్ చేసి ఉంచితే వానాకాలంలో హెడ్ మీద, నాజిల్ బ్లాక్ మీద చెమ్మ చేరుతుంది. లేజర్ కంపెనీ మాన్యువల్ అనుమతించిన హద్దులో డ్యూ పాయింట్‌కు పైన పెట్టుకోండి.

శుభ్రం చేయడం గురించి: థిన్నర్‌లో ముంచిన కాటన్ వేస్ట్‌తో తుడవడం శుభ్రం కాదు. ఒక షీటు నూనెను ఇంకో షీటుకు పంచడమే. అసిటోన్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త తెల్లగుడ్డ, ఒకే దిక్కున తుడుపు. గుడ్డకు నలుపు అంటనంతవరకూ. ఆ తర్వాత అల్యూమినియానికే కేటాయించిన స్టెయిన్‌లెస్ బ్రష్‌తో అంచులు, అంచు పక్కన పది మి.మీ. వరకు రుద్దాలి. ముందు తుడవాలి, తర్వాత రుద్దాలి. తిరగేస్తే నూనెను లోహంలోకి రుద్దినట్టు అవుతుంది. సాల్వెంట్ పూర్తిగా ఆరాకే లేజర్ వేయండి, అది మండే సరుకు. రుద్దిన షీటును అదే షిఫ్టులో వెల్డు చేయండి. ఫిల్లర్‌గా ఈఆర్ 5356 వాడుతుంటే తీగ చుట్టను రాత్రిపూట ఫీడర్ మీద వదలొద్దు. మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. సన్న తీగకు బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ, కాబట్టి తీగ మీది తేమ షీటు తేమ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక గ్యాస్‌తో వచ్చే నీరు. మంచి 99.999 శాతం ఆర్గాన్ సిలిండర్‌లో నీరు కొద్ది పీపీఎం (పది లక్షల్లో వంతులు) మాత్రమే ఉంటుంది. సప్లయర్‌ను అనుమానించే ముందు సిలిండర్ నుంచి నాజిల్ వరకు ఉన్న దారిని అనుమానించండి. లెక్క వేసి చూపిస్తాను. డ్యూ పాయింట్ 25 ఉన్న చెన్నై గాలిలో నీటి ఆవిరి 3 శాతం పైన ఉంటుంది. ఏదో వదులు జాయింటు నుంచి మీ ఆర్గాన్‌లోకి ఒక్క శాతం గాలి చేరిందనుకోండి. దానితో పాటు ఆక్సిజన్ 2000 పీపీఎం, నీరు 300 పీపీఎం వచ్చి పడతాయి. సిలిండర్‌లో మీరు డబ్బు పెట్టి కొన్న పొడిదనం అంతా గంగలో కలిసినట్టే. 300 పీపీఎం అంటే గ్యాస్ డ్యూ పాయింట్ మైనస్ 32 దగ్గర. అల్యూమినియానికి కనీసం మైనస్ 50, వీలైతే మైనస్ 60 కావాలి. మైనస్ 60 అంటే దాదాపు 11 పీపీఎం.

లీకు లేకపోయినా పైపు గోడ గుండా నీరు లోపలికి వస్తుంది. మన షాపుల్లో న్యూమాటిక్స్‌కు వాడే నీలం పీయూ (పాలీయురేథేన్) ట్యూబునే గ్యాస్‌కూ వాడేస్తారు. పాలీయురేథేన్‌కు నీటి ఆవిరిని దాటనిచ్చే గుణం ఉంది. లోపల గ్యాస్ ఒత్తిడి ఎంతున్నా సరే, నీరు తన గాఢతను బట్టి ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపు నడుస్తుంది. రాత్రంతా నిలబడిన పైపులో తేమ పేరుకుంటుంది. పొద్దున మొదటి నాలుగైదు బాక్సులకే ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. రోబో వరకు స్టెయిన్‌లెస్ పైపు, చివరి వంగే భాగానికి టెఫ్లాన్ పైపు వేయండి. పొడుగు ఎంత తక్కువైతే అంత మంచిది. అది కుదిరేవరకు రోజూ మొదలుపెట్టే ముందు పది నిమిషాలు సన్నగా గ్యాస్ వదిలి పైపు ఆరనివ్వండి. సిలిండర్‌ను చివరి బొట్టు దాకా వాడొద్దు. ఒత్తిడి పడిపోయేకొద్దీ గోడలకు అంటిన నీరు గ్యాస్‌లోకి ఎక్కువ పాళ్ళలో వస్తుంది. 10, 15 బార్ల దగ్గర మార్చేయండి.

లీకు పట్టడానికి సబ్బు నీళ్ళు మంచివే, కానీ చాలవు. గ్యాస్ వేగంగా పారే చోట, ముఖ్యంగా నాజిల్ దగ్గరి జాయింట్లలో, లోపలి ఒత్తిడి బయటి కంటే తగ్గి గాలిని లోపలికి లాగుతుంది. అక్కడ బుడగ రాదు. నాజిల్ మూతిని రబ్బరు బిరడాతో మూసి, లైన్‌లో ఒత్తిడి నింపి, సిలిండర్ వాల్వు మూసి, గేజ్ ముల్లు పడిపోతుందేమో చూడండి.

ఇప్పుడు ఓనర్ గారి సలహా, ఫ్లో పెంచడం. దీనికి ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను. 6 మి.మీ. నాజిల్‌లో 25 ఎల్‌పీఎం అంటే మూతి దగ్గర గ్యాస్ వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు. ప్రవాహం నున్నగా ఉందా, సుడులు తిరుగుతోందా చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 6500 పైన. గొట్టంలో అది 2300 దాటితే చాలు, ప్రవాహం నున్నగా ఉండటం మానేసి సుడులు తిరగడం మొదలెడుతుంది. సుడి తిరిగే జెట్టు పక్కనున్న గాలిని తనలోకి కలుపుకుంటూ పోతుంది. 35కి పెంచితే మీరు ఇంకా ఎక్కువ ఆర్గాన్ పంపుతూ ఇంకా ఎక్కువ చెన్నై గాలిని వెల్డు మీదికి లాగుతున్నారన్నమాట. దీనికి తోడు ఆ జెట్టు కీహోల్ మూతిని తోస్తుంది, బుడగలు పుట్టించే ఊగిసలాటను పెంచుతుంది.

దీనికి బదులు 12 మి.మీ. నాజిల్, 15 ఎల్‌పీఎం పెట్టండి. వేగం సెకనుకు 2.2 మీటర్లకు దిగుతుంది, రేనాల్డ్స్ సంఖ్య 2000 లోపు. ఒత్తిడి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి కరిగిన లోహం మీద తోపు నలభై రెట్లకు పైగా తగ్గుతుంది. ఆర్గాన్ గాలి కంటే దాదాపు 1.4 రెట్లు బరువైనది. మెల్లగా వదిలితే వెల్డు మీద దుప్పటిలా కూర్చుంటుంది. నాజిల్ లోపల సన్నటి జాలీ, అంటే గ్యాస్ లెన్స్ లాంటిది ఉంటే ఇంకా మంచిది. లోహం వెనక ఇంకా వేడిగా ఉన్న భాగానికి కూడా గ్యాస్ అందేలా నాజిల్‌ను బీడ్ వైపు వంచి పెట్టండి. నాజిల్ ఎత్తు 8 నుంచి 10 మి.మీ. దాటనివ్వకండి.

క్రాస్ జెట్ గురించి తప్పకుండా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రొటెక్షన్ గ్లాసు మీద స్పాటర్ పడకుండా హెడ్ కింద అడ్డంగా కొట్టే ఆ కంప్రెసర్ గాలి చాలా బలమైనది. దాని కిందున్న గాలినంతా తనవైపు లాగుతుంది, దానితో పాటు మీ ఆర్గాన్‌ను కూడా. మీ కంప్రెసర్ డ్రైయర్ పని చేయకపోతే నీళ్ళను, నూనెను కూడా చల్లుతుంది. క్రాస్ జెట్ ఆపి చిన్న ముక్క మీద ఒకసారి వెల్డు చేసి చూడండి, గ్లాసు ఆ ఒక్కసారికి తట్టుకుంటుంది. రంధ్రాలు తగ్గితే దోషి దొరికినట్టే. అప్పుడు జెట్టును పైకి జరపాలి, గాలి బయటికి పోయే వైపు దారి వదలాలి, మధ్యలో ఒక ప్లేటు అడ్డం పెట్టాలి.

ఫ్యాన్ సంగతి కూడా. అంబత్తూరు షెడ్డులో ఫ్యాన్ లేకుండా నిలబడమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. కానీ పెడస్టల్ ఫ్యాన్ గాలి నేరుగా వెల్డు మీద పడితే 15 ఎల్‌పీఎం దుప్పటి ఎగిరిపోతుంది. సెల్ చుట్టూ పలకలు పెట్టి, ఫ్యాన్‌ను ఆపరేటర్ వెనక నుంచి కాకుండా పక్క నుంచి తిప్పండి. పొగ లాగే పైపు మూతిని వెల్డుకు మరీ దగ్గర పెట్టినా ఇదే ఇబ్బంది.

షీల్డింగ్ సరిగ్గా ఉందో లేదో అల్యూమినియం రంగు మారి చెప్పదు. దానికి సులభమైన ఉపాయం: అదే నాజిల్, అదే ఫ్లో, అదే ఎత్తు ఉంచి ఒక 304 ముక్క మీద గీత వేయండి. వెండిలాగా, లేత బంగారు రంగులో వస్తే కప్పు బాగున్నట్టు. నీలం, బూడిద రంగు వస్తే గాలి తగులుతున్నట్టు. కొద్దిపాటి తేమను ఇది పట్టివ్వదు, కానీ గాలి లాగుతోందా లేదా అన్నది ఒక్క నిమిషంలో తేలుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా వెల్డు అడుగున వంకర రంధ్రాలు మిగిలితే అది కీహోల్ పని. ఆర్గాన్‌ను వదిలి సెట్టింగులు చూడాలి. మీ హెడ్‌లో వాబుల్ (బీమ్‌ను అటూ ఇటూ ఊపే ఏర్పాటు) ఉంటే ఆన్ చేయండి. గొయ్యి మూతి వెడల్పవుతుంది, బుడగలకు బయటికి దారి దొరుకుతుంది. వేగం కొంచెం పెంచి, పవర్‌ను దానికి తగ్గట్టు సర్దండి. నెమ్మదిగా, లోతుగా, కానీ అడుగు దాటకుండా వేసే వెల్డులోనే బుడగలు ఎక్కువ. జాయింటు డిజైన్ ఒప్పుకుంటే పూర్తిగా అడుగు దాటించండి. కీహోల్ కింద కూడా తెరుచుకుంటే ఆవిరికి రెండు దారులు. 5052లో ఉన్న మెగ్నీషియం 1090 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అల్యూమినియం కంటే చాలా ముందు. అందుకే ఈ మిశ్రమంలో కీహోల్ ఎప్పుడూ కొంత చంచలంగానే ఉంటుంది. వెల్డు పక్కన కనబడే నల్లటి మసి కూడా ఎక్కువగా ఆ మెగ్నీషియందే.

డై కాస్ట్ భాగాలను, గాల్వనైజ్డ్ షీటును ఈ లెక్కలోకి తేవద్దు. కాస్టింగ్‌లో గ్యాస్ ముందే లోపల ఉంటుంది, కరిగించగానే ఉబుకుతుంది. జింకు 907 డిగ్రీలకే మరిగి ల్యాప్ మధ్య నుంచి చిమ్ముతుంది, అక్కడ షీట్ల మధ్య 0.1, 0.2 మి.మీ. సందు వదలడమే దారి.

ప్రయోగం చేసేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. ఒకే షీటు నుంచి ముక్కలు కోసి, ఒకే రోజు, ఒకే శుభ్రంతో 12 మి.మీ. నాజిల్‌లో 10, 15, 20, 25 ఎల్‌పీఎం వేసి, ప్రతిదాన్నీ నిలువుగా కోసి పక్కపక్కన పెట్టండి. ఓనర్ గారిని పిలిచి ఆ నాలుగు ముక్కలూ లూప్‌తో చూపించండి. మాటలతో వాదించడం కంటే అది త్వరగా పని చేస్తుంది. ఎన్ని రంధ్రాలు సరే, ఎన్ని కావు అన్నదానికి అల్యూమినియానికి ఐఎస్ఓ 13919-2, స్టీల్‌కు 13919-1 ఉన్నాయి. మీ కస్టమర్ బి, సి, డి లెవెళ్ళలో (బి అన్నిటికంటే కఠినం) ఏది అడుగుతున్నాడో డ్రాయింగులో చూసుకోండి. మీరు డి చాలే చోట బి కోసం కష్టపడుతూ ఉండొచ్చు.

ఒక్క భద్రత మాట. ఆర్గాన్ బరువు కాబట్టి బాక్సు అడుగున, గొయ్యిలో, మూసిన సెల్‌లో పేరుకుంటుంది. వాసన ఉండదు, ఊపిరాడనట్టు ముందుగా తెలియదు. పెద్ద బాక్సు లోపలికి తల పెట్టి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మాన్పించండి.

కోసిన ముక్కల ఫొటోలు, ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు రిజెక్షన్ అంకెలు విడివిడిగా, పైపు ఏ రకం, ఎన్ని మీటర్లు, క్రాస్ జెట్ ఆపినప్పుడు ఏమైంది, ఇవి రాయండి. స్టెయిన్‌లెస్‌కు నైట్రోజన్ పెట్టి చూస్తే బీడ్ రంగు, బెండ్ టెస్ట్ ఫలితం కూడా. వాటిని చూసి తర్వాతి సెట్టింగులు ఏవి మార్చాలో చెబుతాను.